అర అంగుళం జాగా

చెన్నైలో చూలై నుంచి బయల్దేరి ఎగ్మూరు దాటితే పుదుపేట ఎంతో దూరం ఉండదు. కూవం పక్కనున్న ఆ సందుల్లో కారు ఒక్క వస్తువుగా కనిపించదు. ఒక కొట్టు నిండా తలుపులు, పక్కదాన్లో రేడియేటర్లు, ఆ పక్కన జిడ్డుతో నల్లబడ్డ గేర్‌బాక్సులు. గేర్‌బాక్సు మూతి దగ్గర వెడల్పుగా మొదలై వెనక్కి పోయేకొద్దీ సన్నబడే అల్యూమినియం పోత ఒకటి ఉంటుంది. చూడ్డానికి ఖాళీ డొప్ప. పేరు బెల్ హౌసింగ్. పాత కారుకు కొత్త ఊపు తెప్పించాలనుకునే కుర్రాళ్లకూ, రేసు షెడ్లలో పనిచేసే మేస్త్రీలకూ ఈ డొప్పతో ఎప్పుడో ఒకప్పుడు పేచీ వస్తుంది. పొగ గొట్టాలు పోవలసిన దారిలో అది అడ్డంగా ఉంటుంది మరి. చేతిలో గ్రైండరు, ఎదురుగా మెత్తటి అల్యూమినియం. "కొంచెం గీకితే సరిపోతుంది సార్" అనే మాట అక్కడే పుడుతుంది.

సరిపోతుందా లేదా అన్నది ఎక్కడ గీకారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారులో ఈ పేచీ ఉండదు. ఇంజను పక్కన పోత ఇనుప మేనిఫోల్డ్ ఉంటుంది. అన్ని సిలిండర్ల పొగా అందులో పడి, ఒకే గొట్టంలోకి దిగి, సైలెన్సర్‌కు పోతుంది. చవక, గట్టిది, తక్కువ చోటులో ఇమిడిపోతుంది. కాకపోతే ఒక సిలిండరు వదిలిన పొగ పక్క సిలిండరు పొగకు అడ్డం పడుతుంది. వేగం కావాలనుకునేవాళ్లు దాన్ని విప్పేసి, రంధ్రానికో గొట్టం చొప్పున వంచి, అన్నిటినీ కాస్త దూరంలో ఒకచోట కలుపుతారు. వీటినే హెడర్స్ అంటారు. గొట్టాల పొడవు కుదిరితే, ఒక సిలిండరు నుంచి దూసుకుపోయిన పొగ తన వెనక ఒత్తిడి తగ్గించి, తర్వాతి సిలిండరులో మిగిలిన పొగను కూడా లాక్కుపోతుంది. లోపల పాత పొగ ఎంత తక్కువ మిగిలితే కొత్త పెట్రోలు-గాలి మిశ్రమానికి అంత చోటు.

అంబాసిడర్‌ను తీసుకుంటే సంగతి బాగా తెలుస్తుంది. 1950ల చివర్లో మొదలై, 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా వచ్చిన కారు అది. చాలా ఏళ్లు దాన్ని నడిపింది 1489 సీసీ ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎం.జి.ఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ ఇంజను ఉండేది. మన దగ్గర పెళ్లివారినీ, కలెక్టరు గార్లనీ మోసిన బండిలోనూ, అక్కడ కుర్రకారు టాపు తీసి తోలిన బండిలోనూ పనిచేసింది ఒకే ఇంజనన్నమాట.

ఆ ఇంజను తలలో ఒక విచిత్రం ఉంది. సిలిండర్లు నాలుగు, పొగ బయటికొచ్చే రంధ్రాలు మాత్రం మూడు. మొదటిదానికీ నాలుగోదానికీ చెరొకటి, మధ్య రెండింటికీ కలిపి ఒకటి. అందుకని దీని హెడర్స్‌కు కాళ్లు మూడే. మధ్యవి రెండూ ఒకే రంధ్రం పంచుకుంటే కొట్టుకోవా అంటే, కొట్టుకోవు. ఈ ఇంజను పేలే వరస 1-3-4-2. మూడోది పేలాక రెండోది పేలడానికి క్రాంకు షాఫ్టు ఒక పూర్తి చుట్టు తిరగాలి. ఒకటికీ నాలుగుకీ మధ్య కూడా అదే ఎడం. కాబట్టి ఆ చివరి రెండు గొట్టాలనూ ముందు కలిపేసి, మధ్య గొట్టాన్ని మాత్రం పొడవుగా, విడిగా కిందికి దించి చివర్న జతచేయడం బి-సిరీస్ ఇంజన్లకు పాత వాడుక. ఎం.జి. కార్ల కోసం రూపొందిన ఈ మూడు కాళ్ల హెడర్ అంబాసిడర్ ఇంజను తలకూ వర్తిస్తుంది. తల కింద కారు మాత్రం వేరు.

చిక్కంతా ఆ పొడవుతోనే. పోత ఇనుప మేనిఫోల్డ్ రెండు జానల్లో పని ముగించుకుంటుంది. హెడర్ గొట్టాలు ఇంజను పక్కనే కిందికి దిగి, మలుపు తిరిగి, వెనక్కి సాగాలి. సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఇంజను అయిపోయి బెల్ హౌసింగ్ మొదలవుతుంది. ఇంజను కన్నా అది పక్కలకు ఎక్కువ ఉబ్బి ఉంటుంది, ఎందుకంటే లోపల ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు తిరగాలి. పైగా బోల్టుల కోసం బయటికి పొడుచుకొచ్చిన చెవులు, బలం కోసం పోసిన పక్కటెముకల్లాంటి గీరలు, క్లచ్ ఫోర్కు బయటికొచ్చే కిటికీ, కొన్ని కార్లలో ఆ వైపే సెల్ఫ్ మోటారు. వీటిలో ఏదో ఒకటి గొట్టానికి తగులుతుంది.

చల్లగా ఉన్నప్పుడు 2 మిల్లీమీటర్ల సందు కనిపిస్తే చాలామంది బోల్టులు బిగించేస్తారు. లెక్క వేసి చూస్తే ఆ ధైర్యం నిలవదు. ఉక్కు గొట్టం ఒక్కో డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు సాగుతుంది. 600 మిల్లీమీటర్ల గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఆ 2 మిల్లీమీటర్లు పోగా ఇంకా నెట్టుకుంటుంది. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కదా అని కొందరు భయపడతారు గాని, హెడరూ హౌసింగూ రెండూ ఇంజనుకే బిగించి ఉంటాయి, ఊగితే రెండూ కలిసే ఊగుతాయి. ఆ ఊపును లెక్కలోకి తీసుకోవాల్సింది ఛాసిస్‌కూ, స్టీరింగ్ కడ్డీకీ మధ్య వదిలే సందులో. ఇక్కడ తిప్పలు పెట్టేది వేడి, దాని తర్వాత వెనకనుంచి లాగే సైలెన్సరు. అది బాడీకి వేలాడుతూ గతుకు వచ్చినప్పుడల్లా గొట్టాన్ని గుంజుతుంది. అన్నీ కలుపుకుని అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల పైచిలుకు జాగా ఉంటే నిశ్చింత.

ఆ జాగా లేకపోతే మొదట వినిపించేది టకటక చప్పుడు. దాంతో ఆగదు. రేసులో ఎర్రబడ్డ గొట్టం అల్యూమినియానికి ఆనుకుంటే, పోత పోసిన అల్యూమినియం-సిలికాన్ మిశ్రమం 577 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. అంతదాకా పోనక్కర్లేదు, 200 డిగ్రీలు దాటితేనే దాని బలం బాగా పడిపోతుంది. క్లచ్ హైడ్రాలిక్ అయితే అందులో వాడే డాట్ 3 ద్రవానికి కొత్తగా ఉన్నప్పుడు ఉండాల్సిన కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు. తేమ పీల్చాక అది ఇంకా తగ్గుతుంది. ద్రవం మరిగిందంటే క్లచ్ పెడలు కింద దాకా మెత్తగా దిగబడిపోతుంది. గేరు పడదు.

ఇరుకులో పెద్ద ఇంజను దూర్చడమన్న పిచ్చి షెడ్లకే పరిమితం కాదు, పెద్ద కంపెనీలకూ ఉంది. 1964లో ఇంగ్లండులో సన్‌బీమ్ టైగర్ అనే చిన్న కారులో ఫోర్డ్ వి8 ఇంజను పెట్టారు. దానికి తొలి నమూనా పనుల్లో అమెరికన్ రేసరు కారల్ షెల్బీ చెయ్యి ఉంది. జెన్సెన్ ఫ్యాక్టరీలో ఆ కార్లు తయారయ్యేటప్పుడు, అప్పటికే రంగు వేసిన ఇంజను గది వెనక గోడను సమ్మెటతో కొట్టి లోపలికి నొక్కితే తప్ప ఇంజను దిగేది కాదు. ఒక స్పార్కు ప్లగ్గు మార్చాలంటే కారు లోపలి నుంచి, గోడకు పెట్టిన రబ్బరు మూత తీసి చెయ్యి పెట్టాల్సిందే. ఎం.జి. వాళ్లు 1992లో ఆర్.వి.8 అనే కారు తెచ్చినప్పుడు మరో దారి పట్టారు. వి8 హెడర్ గొట్టాలను కిందికి కాకుండా పక్కకు, ముందు చక్రం పైనున్న లోపలి రేకుకు కన్నం పెట్టి అవతలికి తీసి, అటునుంచి కిందికి దించారు. గేర్‌బాక్సును గీకలేదు, రేకును కోశారు. రేకు కోయడం సులువు, పోయేదీ తక్కువ.

చెన్నైకి ఈ సరదా పాతదే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. రెడ్‌హిల్స్ దాటాక, నెల్లూరు వచ్చే రహదారి దాపునున్న షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల పట్టీ ఒకటి ఉండేది. కొన్ని దశాబ్దాల పాటు మద్రాసు రేసులకు అదే మైదానం. విజయ్ మాల్యా, కోయంబత్తూరు కరివర్ధన్ లాంటివాళ్లు అక్కడ తోలినవాళ్లే. వండలూరు వైపు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైన హెరాల్డ్‌లు కూడా అక్కడ పరుగెత్తాయి. హెరాల్డ్ బానెట్ మొత్తంగా ముందుకు వాలిపోతుంది, చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మెకానిక్కులకు అంత వసతిగా ఉన్న కారు మళ్లీ రాలేదనే చెప్పాలి. విదేశీ భాగాలకు దిగుమతి లైసెన్సులు అడ్డుపడే రోజులవి. కొనే వీలు లేదు గనక గొట్టం వంచుకోవాలి, పోతను మలుచుకోవాలి.

1988లో కరివర్ధన్ ఫార్ములా మారుతి అనే రేసు కారు తెచ్చాక బొమ్మ మారింది. మారుతి 800 ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపి ఒకటిగా డ్రైవరు వెనక పెట్టి, చుట్టూ గొట్టాల చట్రం కట్టారు. చట్రమే మన చేతిలో ఉంటే పొగ గొట్టం ఎటు పోవాలో ముందే ఆలోచించి దారి వదలొచ్చు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత ట్రాక్ తెరుచుకున్నాక షోళవరం రేసుల కాలం ముగిసింది.

ఇక హౌసింగ్‌ను నిజంగానే ముట్టుకోవాల్సి వస్తే, ముందు దాని పనేమిటో తెలియాలి. దుమ్ము పడకుండా కప్పే మూత మాత్రమే కాదు అది. క్రాంకు షాఫ్టు మధ్య గీత, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్య గీత ఒకే సరళరేఖ మీద నిలబెట్టే కొలబద్ద అది. ఇంజను వెనక ముఖం మీద రెండు డవెల్ పిన్నులుంటాయి, హౌసింగ్ వాటి మీద కూర్చుంటుంది. బోల్టులు పట్టి ఉంచుతాయి, స్థానం చెప్పేవి మాత్రం ఆ రెండు పిన్నులే. అమెరికన్ వి8లకు గేర్‌బాక్సులు కూర్చేవాళ్లు ఈ రెండు గీతల మధ్య తేడా 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటరు మించకూడదంటారు. రాసుకునే కాగితం మందం కన్నా ఓ పిసరు ఎక్కువ. అంతకు మించితే క్లచ్ తొక్కినా పూర్తిగా వదలదు, గేరు జారిపోతుంది, ముందు బేరింగు ఊళ వేస్తుంది. తేడాను సరిచేయడానికి 0.007, 0.014, 0.021 అంగుళాల మేర మధ్య తప్పించి చేసిన డవెల్ పిన్నులు అక్కడ విడిగా అమ్ముతారు. ఆ అంకెలు చూస్తేనే పని సున్నితం అర్థమవుతుంది. మన దగ్గర పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్లు ఎక్కించిన కాలంలో, ఇంజనుకూ హౌసింగ్‌కూ మధ్య లేత్ మీద తిప్పిన అడాప్టర్ ప్లేటు పెట్టేవారు. ఆ ప్లేటు తేడాగా ఉన్న బండ్లు క్లచ్ ప్లేట్లను పప్పుబెల్లాల్లా తినేసేవి.

హౌసింగ్‌కు ఇంకో బాధ్యత కూడా ఉంది, లోపల ఏదైనా పగిలితే ముక్కలను ఆపడం. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో అమెరికన్ డ్రాగ్ రేసరు డాన్ గార్లిట్స్ నడుపుతున్న డ్రాగ్‌స్టర్‌లో ట్రాన్స్‌మిషన్ పేలింది. కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆలోచించి ఇంజనును డ్రైవరు వెనక్కి మార్చిన కారు గీసుకున్నాడు, మరుసటి ఏడాది దాంతోనే గెలిచాడు. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఫ్లైవీలు గానీ క్లచ్ గానీ పగిలితే ముక్కలు డ్రైవరు కాళ్లవైపే వస్తాయి. అందుకే గట్టి డ్రాగ్ కార్లలో అల్యూమినియం పోతకు బదులు రేసు భాగాల భద్రతకు ఎస్.ఎఫ్.ఐ అనే సంస్థ పెట్టిన 6.1 ప్రమాణం ప్రకారం చేసిన ఉక్కు హౌసింగ్ వాడతారు. అలాంటిదాన్ని గ్రైండరుతో ముట్టుకుంటే ఆ ధ్రువీకరణ అక్కడితో చెల్లిపోయినట్టే. మామూలు కారు హౌసింగ్ ఆ దెబ్బకు తట్టుకునేలా చేసింది కాదు. ఉన్న కాస్త మందాన్నీ పలచన చేస్తే కొంప మీదికి తెచ్చుకున్నట్టే.

అందుకని తెలిసిన మేస్త్రీ ముందు గొట్టం వైపు చూస్తాడు. తగిలేచోట గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, గుండ్రటి ఇనప దిమ్మె ఆనించి నొక్కు పెడతాడు. చూడ్డానికి బాగోదు. నష్టం మాత్రం అనుకున్నంత ఉండదు. 38 మిల్లీమీటర్ల గొట్టాన్ని ఒకవైపు 5 మిల్లీమీటర్లు చదును చేస్తే పొగ పోయే దారి సుమారు 8 శాతమే తగ్గుతుంది, అదీ ఆ ఒక్క చోటే. ఆ తేడా రోడ్డు మీద తెలియదు. అదీ చాలకపోతే ఆ మలుపు వరకు కోసి, కోణం మార్చి మళ్లీ వెల్డింగు చేయొచ్చు. గొట్టం పాడైతే ఇంకో గొట్టం.

అప్పటికీ కుదరకపోతేనే హౌసింగ్. గొట్టానికి సుద్ద దట్టంగా పులిమి, అన్నీ బిగించి విప్పితే తగిలే చోట తెల్లగా అచ్చు పడుతుంది. ఆ అచ్చు గీర మీద పడితే అదృష్టం. గీరను కొంత తగ్గించినా పోత నిలబడుతుంది. వాడని బోల్టు చెవి అంచు మీద పడినా సర్దుకోవచ్చు. డవెల్ రంధ్రం చుట్టూ, సెల్ఫ్ మోటారు కూర్చునే ముఖం మీద, క్లచ్ ఫోర్కు పివట్ దగ్గర పడితే గ్రైండరు పక్కన పెట్టేయాలి. ఇనుము గీకే మామూలు రాయి ఇక్కడ పనికిరాదు. అల్యూమినియం కరిగి రాయి రంధ్రాల్లో ఇరుక్కుని, వేడెక్కి రాయి పగిలే ప్రమాదం ఉంది. కార్బైడ్ బర్ర్‌తోనో, ఆకురాయితోనో నెమ్మదిగా తీయాలి. ఆకురాయి పళ్లకు సుద్ద రుద్దితే పొడి అతుక్కోదు. కోసిన చోట మూలలు వాడిగా వదిలితే బీటలు అక్కడినుంచే మొదలవుతాయి, గుండ్రంగా నునుపు చేయాలి.

చెయ్యి జారి కన్నం పడిందంటే కథ పొడుగవుతుంది. తెరిచి వదిలేస్తే ఈశాన్య రుతుపవనాల్లో చెన్నై వీధుల్లో నిలిచే నీళ్లు నేరుగా క్లచ్‌లోకి వస్తాయి. మూయాలంటే ఆర్గాన్ వెల్డింగు. ఏళ్ల తరబడి నూనె పీల్చిన పోత మంట తగలగానే నల్లటి బుడగలు కక్కుతుంది. కడిగి, ముందుగా వేడిచేసి, మళ్లీ మళ్లీ తుడిచి వేయాలి. వెల్డింగు వేడికి ముఖం వంకర పోకుండా హౌసింగ్‌ను ఒక తుక్కు ఇంజను బ్లాకుకు బిగించి పని చేస్తారు. పుదుపేట పక్కనే ఉన్న ఊళ్లో తుక్కు బ్లాకుకు కరువేముంది. చివర్న క్రాంకు షాఫ్టుకు డయల్ గేజ్ తగిలించి, ముల్లును హౌసింగ్ వెనక రంధ్రం అంచు మీద ఒక చుట్టు తిప్పి చూడాలి. నిజానికి కోయకముందు కూడా ఒకసారి ఈ కొలత తీసి రాసుకోవాలి. చాలా షెడ్లలో మానేసేది ఇదే.

ఇదంతా చేసిన కారును రోడ్డు మీద తోలొచ్చా అంటే, చట్టం మొహం చిట్లిస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని రాశారు. ట్రాక్ మీదైతే ఆ రేసు తరగతి నియమావళి చెప్పిందే వేదం. కొన్నిట్లో హెడర్ మార్చుకోనిస్తారు, గేర్‌బాక్సు కేసింగ్‌ను ముట్టుకోనివ్వరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద, ఫ్లడ్‌లైట్ల వెలుగులో పరుగెత్తిన ఫార్ములా 4 బండ్లన్నీ ఒకే అచ్చు. అక్కడ గ్రైండరుకు పనే లేదు.

కొత్త కార్లలో ఈ పేచీయే మాయమవుతోంది. 2013లో మరైమలై నగర్‌లో తయారై వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజనులో ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ విడి భాగం కాదు, సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోశారు. హెడర్ తగిలించడానికి విడి రంధ్రాలే ఉండవు. బి.ఎస్.6 కార్లలో చాలావాటికి కెటాలిటిక్ కన్వర్టర్ ఇంజనును ఆనుకునే ఉంటుంది, హెడర్ కోసం దాన్ని తీసేస్తే పొల్యూషన్ పరీక్షలో బండి నిలవదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులో బండ్లకు పొగ గొట్టాలే లేవు.

మిగిలినవి పాత బండ్లు. వాటికీ ఇప్పుడు రెండు రకాల యజమానులు తయారయ్యారు. ఒకరికి వేగం కావాలి. ఇంకొకరికి ప్రతి నట్టూ ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉండాలి, వింటేజ్ ర్యాలీలో నిలబెట్టాలి. ఈ రెండో రకంవాళ్లు కోసిన హౌసింగ్ ఉన్న కారును చూసి పెదవి విరుస్తారు, ధర తగ్గిస్తారు. అంబాసిడర్‌కు కొత్త హౌసింగ్ ఇక ఎవరూ పోయరు. కాబట్టి హెడర్ బిగించాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లు చేయాల్సిన మొదటి ఖర్చు గొట్టాల మీద కాదు. పుదుపేటలో బీటలు లేని పాత హౌసింగ్ ఇంకొకటి వెతికి కొని, కోతలన్నీ దాని మీద కోయించి, అసలుదాన్ని నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి. కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది దాని సంగతే.